అరకులో పెళ్ళి: చేసినవాళ్ళు, వెళ్ళినవాళ్ళు కాస్త చెప్పండి

చెల్లిపెళ్ళి_టెన్షన్
అందరికీ నమస్కారం. మా చెల్లి పెళ్ళి కుదిరింది. మాది హైదరాబాద్, అబ్బాయి వాళ్ళది రాజమండ్రి. ఇద్దరూ బెంగళూరులో ఉద్యోగాలు. పోయిన డిసెంబర్లో ఫ్రెండ్స్‌తో అరకు వెళ్ళొచ్చారు, అప్పట్నుంచి ఒకటే పాట: పెళ్ళంటూ చేసుకుంటే ఆ కొండల మధ్యే అని. వియ్యాలవారికి అభ్యంతరం లేదు. మాఘమాసంలో ముహూర్తం పెట్టిద్దామంటున్నారు. చెల్లి ఎనభై మంది చాలంటుంది, నాన్న మూడొందల మందికి తగ్గితే ఊళ్ళో తలెత్తుకోలేనంటారు. మధ్యలో నేను. అక్కడ పెళ్ళి చేసినవాళ్ళు, కనీసం భోజనం చేసొచ్చినవాళ్ళు ఉంటే చెప్పండి. ప్రయాణం, బస, వంట, ఏదైనా సరే.

సింహాచలం_మెట్లు
మా అక్క పెళ్ళి అక్కడే చేశాం, రెండేళ్ళయింది. మార్గశిరంలో, ధనుర్మాసం రాకముందు. ముహూర్తం తెల్లవారుజామున నాలుగూ పన్నెండుకి. ఆ ఒక్క ముక్కతోనే మీకు సగం కథ అర్థమైపోవాలి.

మంగళస్నానానికి రెండున్నరకి లేపారు. బయట ఎనిమిది డిగ్రీలు. నాలుగు గదుల్లో గీజర్లు ఒకేసారి వేశారు, టప్‌మని కరెంటు పోయింది. జనరేటర్ మనిషి జీపులో ముసుగుతన్ని పడుకున్నాడు, వాణ్ణి లేపేసరికి పావుగంట. అక్క తల ఆరలేదు. మా పెద్దమ్మ సాంబ్రాణి ధూపం వేసి, జుట్టు ఆ బుట్ట మీద పరిచి ఆరబెట్టింది, ఆ వాసన ఇప్పటికీ నా ముక్కులో ఉంది. పట్టుచీరలో అక్క వణుకుతుంటే జీలకర్రా బెల్లం పెట్టేటప్పుడు అది చలికో సిగ్గుకో బావకి అర్థం కాలేదట. ఆల్బంలో మా నాన్న మంకీక్యాప్‌తో కన్యాదానం చేస్తుంటారు. తీసెయ్యమంటే ససేమిరా అన్నారు.

ప్రయాణం గురించి. విశాఖ నుంచి రోడ్డు మీద 115 కిలోమీటర్ల దాకా ఉంటుంది. శృంగవరపుకోట దాటాక ఘాట్ మొదలు. మేం రెండు పెద్ద బస్సులు పెట్టి తప్పు చేశాం. మినీ బస్సులు పెట్టుకోండి, మలుపుల్లో తేలిగ్గా తిరుగుతాయి. ఒకదానికి ఏదైనా అయితే మిగతావాటిలో సర్దుకోవచ్చు. నిమ్మకాయలు, వాంతుల టాబ్లెట్లు, కవర్లు సీటు సీటుకీ పెట్టండి. మా చిన్నతాతయ్య అనంతగిరి దగ్గర దిగి "నన్ను ఇక్కడే వదిలెయ్యండి, తిరిగి వచ్చేటప్పుడు ఎక్కించుకోండి" అని కూర్చున్నారు. నిజంగానే అన్నారు. అరగంట బతిమాలాం.

శని, ఆదివారాల్లో ముహూర్తం పెట్టకండి. చలికాలం వారాంతాల్లో ఘాట్ మొత్తం కార్లే, బొర్రా మలుపు దగ్గరైతే కదలదు. మగపెళ్ళివారు ఎదురుసన్నాహానికి మూడు గంటలు లేటు, బ్యాండువాళ్ళు ఆ మలుపులోనే దిగి వాయించడం మొదలుపెట్టారు.

కాకినాడ_కాజా
రైల్లో తీసుకెళ్ళండి అన్నా. కిరండూల్ రైలు, అద్దాల బోగీ. సొరంగాలు లెక్కపెట్టుకుంటూ వెళ్తారు పిల్లలు. లైన్ మొత్తం మీద 58 ఉన్నాయి.

సింహాచలం_మెట్లు
@కాకినాడ_కాజా, రైలు అద్భుతం, కాదనను. కానీ అది విశాఖలో పొద్దున ఏడు లోపే బయల్దేరుతుంది. హైదరాబాద్ వాళ్ళంతా "రాత్రి గోదావరి ఎక్కి పొద్దున్నే దిగి కిరండూల్ అందుకుందాం" అనుకుంటారు. గోదావరి గంట లేటైతే కిరండూల్ చెయ్యూపి వెళ్ళిపోతుంది. ముందు రోజే విశాఖలో దింపి, రాత్రి ఉంచితేనే రైలు ఆలోచన పెట్టుకోండి. అద్దాల బోగీలో సీట్లు కూడా పెళ్ళివారందరికీ సరిపోవు. మేం పిల్లలకీ ముసలివాళ్ళకీ మాత్రమే తీశాం.

నేను_రాను
నా మాట ఎవరికీ నచ్చదని తెలుసు. ఇలాంటి పెళ్ళిళ్ళకి రెండు వెళ్ళాను, ఒకటి అరకు, ఒకటి కూర్గు. పిలిచినవాళ్ళకి ముచ్చట, వెళ్ళినవాళ్ళకి శిక్ష. రెండు రోజులు సెలవు, టికెట్లు, స్వెటర్లు, మోకాళ్ళ నొప్పులతో మెట్లు. కట్నం కవర్లో పెట్టేది అయిదొందలైతే ప్రయాణానికి అయిదువేలు. మా అమ్మ తిరిగొచ్చి వారం మంచమెక్కింది. రిజిస్టర్ ఆఫీసులో సంతకాలు పెట్టుకుని ఇద్దరే అరకు పోవచ్చుగా?

అట్లాంటా_వదిన
@నేను_రాను గారూ, మీ అమ్మగారి విషయం నిజమే, అందుకే పెద్దవాళ్ళకి కింది అంతస్తు గదులు ముందే రాసిపెట్టాలి. కానీ మా మరిది పెళ్ళికి వెళ్ళినప్పుడు నాకు వేరే అనుభవం. మామూలుగా పెళ్ళంటే ఫంక్షన్ హాలుకి రాత్రి ఎనిమిదికి వెళ్ళి, స్టేజీ ఎక్కి ఫొటో దిగి, తిని, పదింటికి కారెక్కడమేగా. అక్కడ రెండు రోజులూ ఎవరూ ఎక్కడికీ పారిపోలేకపోయారు. పదేళ్ళుగా మాటల్లేని మా ఆడపడుచులిద్దరూ ఒకే చలిమంట దగ్గర కూర్చున్నారు, ఇంకోచోట మంట లేదు కాబట్టి.

అమెరికా వెళ్ళే పిల్లలైతే ఒక్క జాగ్రత్త: వీసాకి పెళ్ళి రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ కావాలి. శుభలేఖలు, తాళి కట్టేటప్పటి ఫొటోలు, వయసు, చిరునామా కాగితాలు కొండ దిగేలోపే ఒక ఫైల్లో పెట్టండి. మేం ఊరికి వచ్చాక శుభలేఖ కోసం ఇల్లంతా వెతికాం. అయిదొందలు అచ్చువేయించి ఒక్కటి మిగుల్చుకోలేదు!

గరిటె_మావయ్య
నేను వంటల కాంట్రాక్టు చేస్తాను, విశాఖ దగ్గరే. కొండ మీద నాలుగైదు పెళ్ళిళ్ళు చేశాను. ఎవరూ అడగరు గానీ అసలు కష్టం పెరుగుతో.

మొదటిసారి వెళ్ళినప్పుడు నలభై లీటర్ల పాలు కాచి, గోరువెచ్చగా చల్లార్చి, ఎప్పటిలాగే రాత్రి తోడు వేసి వరండాలో పెట్టాం. పొద్దున మూత తీస్తే పాలు పాలలాగే ఉన్నాయి, పైన మీగడ మాత్రం చెక్కలా కట్టింది. మూడొందల మంది ఆంధ్రావాళ్ళు పెరుగు లేకుండా చెయ్యి కడుక్కుంటారా? వ్యాను కిందకి పంపి తెప్పించాను, నా లాభం అందులోనే పోయింది. ఇప్పుడు తోడు రెట్టింపు వేస్తాను, గిన్నెలకి గోనెసంచులు చుట్టి, ఆర్పిన గాడిపొయ్యి పక్కన బూడిద వేడికి పెడతాను. అయినా సగం పెరుగు కిందనుంచే తీసుకెళ్తాను.

దోసెలపిండీ అంతే, పులవదు. పొద్దున టిఫిన్‌కి ఇడ్లీ, దోసె అడగకండి. ఉప్మా, పూరీ, పెసరట్టు చెప్పండి. పెసరట్టుకి పులిసే పని లేదు. నెయ్యి గడ్డకడుతుంది. ముద్దపప్పులో నెయ్యి వడ్డించే కుర్రాడు చెంచా తిరగేసి కొట్టినా రాదు, గిన్నె వేడినీళ్ళలో పెట్టుకుని తిరగాలి. అన్నం గుండిగ దించిన పది నిమిషాలకే చల్లారిపోతుంది, కాబట్టి బఫే కంటే బంతులే మేలు. బంతికి ఎంత కావాలో అంతే వండించండి. గ్యాస్ సిలిండర్లు, తాగేనీళ్ళ డబ్బాలు, అన్నీ ఎక్కించాల్సిందే, ఒక్క ఐస్ తప్ప. ఆ చలిలో ఐస్ ఎవరికీ గుర్తురాదు.

చెల్లిపెళ్ళి_టెన్షన్
మావయ్యా, మా నాన్నకి ఈ పెరుగు సంగతి చదివి వినిపించాను. "మూడొందల మంది" దగ్గర ఆగి, కొంచెంసేపు ఏం మాట్లాడలేదు. మొదటిసారి.

అరకు_అబ్బాయి
నేను అరకు వాడినే, పక్క ఊరు. పైన రాసినవాళ్ళంతా మా ఊరికి వచ్చి వెళ్ళిన సంగతులు రాశారు, ఇక్కడ ఉండేవాడిగా నేను నాలుగు ముక్కలు చెప్తాను.

ఇది ఏజెన్సీ, అంటే గిరిజన ప్రాంతం. 1/70 చట్టం వల్ల గిరిజనేతరులు ఇక్కడ భూమి కొనలేరు. అందుకే ఊటీలో లాగ పెద్ద పెద్ద హాళ్ళు లేవు, మీకు దొరికేవి టూరిజం వాళ్ళ హరిత రిసార్టులు, కొన్ని చిన్న హోటళ్ళు, టెంట్లు వేసిన క్యాంపులు. మూడొందల మందికి ఒకేచోట గదులు అంటే కష్టం. నాలుగుచోట్ల సర్దాలి, రాత్రిపూట మంచులో ఒకచోటినుంచి ఇంకోచోటికి జీపులు తిప్పాలి. క్యాంపుల్లో చేసేటట్టయితే ఆ స్థలం ఎవరిది, అనుమతి ఎవరిచ్చారు అని అడిగి, కాగితం చూసి అడ్వాన్స్ ఇవ్వండి.

ప్రీవెడ్డింగ్ ఫొటోల్లో మీ చెల్లెలు చూసిన పసుపురంగు తోటలు వలిసె పూలు, నూనెగింజల పంట. అవి నవంబర్, డిసెంబర్లో ఉంటాయి, మాఘానికి కోసేస్తారు. కాఫీ పూతేమో ఎండాకాలం మొదట్లో, మొదటి వాన పడ్డాక. మాఘంలో రెండూ ఉండవు, ముందే చెప్పండి, లేకపోతే వచ్చాక అలుగుతుంది. ఉండేది సిల్వర్ ఓక్ చెట్లు, వాటిని పట్టుకుని మిరియం తీగలు, కింద కాఫీ మొక్కలు, పొద్దున తొమ్మిది దాకా మంచు. వలిసె చేలోకి దిగితే రైతులు డబ్బులడుగుతారు. అడగాలి కూడా, మీ లెహంగా తిరిగినంత మేరా చేను పడుకుంటుంది.

థింసా, మా గిరిజన డాన్సు, పెడతారు అందరూ. పెట్టండి, మా ఆడవాళ్ళకి నాలుగు డబ్బులొస్తాయి. కానీ మధ్యలో ఏజెంటు చేతికి కాకుండా వాళ్ళ చేతికివ్వండి. ఒక పెళ్ళిలో రెండు గంటలు ఆడించి, అతిథులందరూ తిన్నాక మిగిలింది పెట్టారు. మా అమ్మ ఆ జట్టులో ఉంది. వాళ్ళని కూడా బంతిలో కూర్చోబెట్టండి.

ప్లాస్టిక్ ప్లేట్లు మొయ్యకండి. అడ్డాకుల విస్తర్లు మా సంతలోనే దొరుకుతాయి. ముందు చెప్తే ఎన్ని కావాలంటే అన్ని కుట్టిస్తారు.

లగ్నపత్రిక
పురోహితుణ్ణి, గోదావరి జిల్లా. ఒక విషయం ఎవరూ ఎత్తలేదు.

హైదరాబాద్‌లో పెట్టిన ముహూర్తం అరకులో అదే నిమిషానికి పనికిరాదు. లగ్నం ఊరిని బట్టి మారుతుంది. అరకు హైదరాబాద్‌కి తూర్పున నాలుగున్నర డిగ్రీల దాకా ఉంది. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున దాదాపు పదిహేడు నిమిషాలు ముందే సూర్యోదయం, లగ్నం కూడా అంతే ముందు. లగ్నం సుమారు రెండు గంటలుంటుంది కదా అని తేలిగ్గా తీసుకోవద్దు, మేం పట్టుకునే నవాంశ దాంట్లో తొమ్మిదో వంతు, పదమూడు నిమిషాలు. పదిహేడు నిమిషాలు తప్పితే మీరు పక్క నవాంశలో కూర్చుని తాళి కడుతున్నట్టు. ముహూర్తం రాయించేటప్పుడే "పెళ్ళి అరకులో" అని చెప్పండి. శుభలేఖ అచ్చయ్యాక కాదు.

రెండోది, వీలైతే పగటి ముహూర్తం పెట్టించుకోండి. రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా ఆరుబయట మైకులు పెట్టకూడదు. కొండల్లో శబ్దం ఎంత దూరం పోతుందో మీకు తెలియదు. ఒకచోట మైకు కట్టేసి, మంత్రాలు నోటితో చెప్తూ, గట్టిమేళం అనాల్సిన చోట సన్నాయి ఆయన కళ్ళల్లోకి చూసి తలూపాను. ఆయన చిన్నగా ఊదాడు. పెళ్ళి జరిగింది, కానీ పెళ్ళికొడుకు నాన్నమ్మకి వినిపించక, "ఎప్పుడు కట్టాడురా" అని పొద్దున దాకా అడుగుతూనే ఉంది. మాఘంలో ఉదయం పది, పదకొండు మధ్య మంచి లగ్నాలు దొరికితే వదలకండి. ఆపాటికి మంచు విడుస్తుంది. మూఢం (పెళ్ళిళ్ళు చెయ్యని రోజులు) ఎప్పుడుందో కూడా చూసుకోండి, కొన్నేళ్ళు మాఘాన్నే మింగేస్తుంది.

సింహాచలం_మెట్లు
పంతులుగారూ, రెండేళ్ళ క్రితం మీరు ఎక్కడున్నారండీ.

ఇంకోటి మర్చిపోయాను. దిగేటప్పుడు చెక్‌పోస్టుల్లో బండ్లు ఆపి చూస్తారు, గంజాయి కోసం. మామూలే, కంగారు పడక్కర్లేదు. మా సారె బిందెలు, అరిసెల డబ్బాలు ఒక్కొక్కటీ విప్పించారు. అత్తయ్య మొహమాటానికి "తీసుకోండి నాన్నా" అని నాలుగు అరిసెలు ఇవ్వబోతే ఆ కుర్ర కానిస్టేబుల్ డ్యూటీలో తినకూడదన్నాడు. బండి కదిలాక చూస్తే డబ్బాలో రెండు తక్కువ. అప్పగింతల ఏడుపు అక్కడితో ఆగింది.

కాకినాడ_కాజా
రిటన్ గిఫ్టుగా ఏమిస్తున్నారు? అరకు కాఫీ పొడి, ఏటికొప్పాక లక్కబొమ్మ, మాడుగుల హల్వా. మూడూ ఆ చుట్టుపక్కలవే. కాజా అయితే నేను పంపిస్తా.

చెల్లిపెళ్ళి_టెన్షన్
అందరికీ చాలా థాంక్స్. నిన్న రాత్రి ఇంట్లో కూర్చుని తేల్చాం. అరకులో నూట పదిమంది, ఇరువైపులా కలిపి. నాన్న మూడొందల మందికి ఇక్కడ హైదరాబాద్‌లో రిసెప్షన్. ఆ నూట పది లిస్టు రాయడానికి నాలుగు గంటలు పట్టింది, ఇద్దరు మావయ్యల పేర్లు మూడుసార్లు కొట్టేసి మళ్ళీ రాశారు. పంతులుగారికి ఫోన్ చేసి "అరకు" అని చెప్తే ఆయన కాసేపు లెక్కవేసి, "అయితే పది నలభై ఆరు కాదు, పది ఇరవై తొమ్మిది" అన్నారు. నాన్న లేచి వెళ్ళి కాలెండర్లో కొట్టేసి దిద్దారు. అంటే ఒప్పుకున్నట్టే.

వలిసె పూలుండవని చెల్లికి ఇంకా చెప్పలేదు. గరిటె మావయ్యా, మాఘంలో మీరు ఖాళీయేనా?

గరిటె_మావయ్య
మాఘంలో ఖాళీగా ఉండే వంటవాడు ఉంటాడా బాబూ. తేదీ చెప్పు, చూద్దాం. గోనెసంచులు మాత్రం నువ్వే తెచ్చుకోవాలి.