విఫలమైన టెస్టు వదిలిన తాత్కాలిక ఫైళ్లు: వెంటనే తుడవాలా, ఉంచాలా?

తుంగభద్ర (ప్రశ్న)

మా బృందంలో ఒక ప్రతిపాదన చర్చకు వచ్చింది. కోడ్‌ను పరీక్షించే టెస్టు నెగ్గినా, విఫలమైనా, అది సృష్టించిన తాత్కాలిక ఫైళ్లన్నిటినీ అప్పటికప్పుడే తొలగించాలనీ, ఒక్క ఫైలు మిగిలినా ఆ టెస్టును విఫలమైనట్టే లెక్కించాలనీ దాని సారాంశం. అందరూ వాడుకునే బిల్డ్ సర్వరులో (కోడ్‌ను కూర్చి టెస్టులు నడిపే యంత్రంలో) డిస్కు తరచుగా నిండిపోవడం దీనికి కారణం. విఫలమైన టెస్టుల ఫైళ్లను మాత్రం కొంతకాలం ఉంచాలన్నది నా అభిప్రాయం. మా కోడ్ ఎక్కువగా పైథాన్ భాషలో, కొంత గో భాషలో ఉంది. అనుభవజ్ఞులు కారణాలతో సహా చెప్పగలరు.

సర్వరు కాపరి

మీ బృందం ప్రతిపాదనే సరైనది. గిగాబైట్ల కొద్దీ ఖాళీ ఉన్నా డిస్కులో స్థలం లేదన్న ఎర్రర్ వచ్చే సందర్భాలుంటాయి. చిన్న చిన్న ఫైళ్లు లక్షల్లో పేరుకుని ఐనోడ్లు (ఒక్కో ఫైలుకు ఒకటి చొప్పున పట్టే నమోదు స్థానాలు) అయిపోవడమే అందుకు కారణం. తాత్కాలిక ఫైళ్ల డైరెక్టరీ అయిన స్లాష్ టెంప్‌ను టీఎంపీఎఫ్ఎస్‌గా, అంటే మెమరీలోనే ఉండేలా పెట్టిన యంత్రాల్లో ఇబ్బంది మరీ ఎక్కువ, ఎందుకంటే అక్కడ మిగిలిన ప్రతి ఫైలూ మెమరీనే తింటుంది. లినక్స్‌లో సేవలను నడిపే సిస్టమ్‌డీ ఎలాగూ శుభ్రం చేస్తుందని కొందరు అంటారు గాని, దాని మూల అమరికలో స్లాష్ టెంప్ గడువు 10 రోజులు, అలాంటిదే అయిన వార్ టెంప్ గడువు 30 రోజులు. రాత్రింబగళ్లు బిల్డులు నడిచే సర్వరు అన్నాళ్లు ఆగదు. వీటన్నిటికన్నా నన్ను భయపెట్టేది, నిన్నటి ఫైలు మిగిలి ఉన్నందువల్ల ఈరోజు టెస్టు నెగ్గడం. ఆ ఫైలును సృష్టించవలసిన కోడే పాడైపోయినా ఎవరికీ తెలియదు.

పాత పైథానీ

చివరి అంశం నిజమే గాని, దానికి మందు తొలగింపు కాదు, టెస్టులను నడిపే ప్రతి పరుగుకూ (రన్) కొత్త పేరుతో కొత్త డైరెక్టరీ ఇవ్వడం.

అసలు శుభ్రం చేసే పనిని టెస్టుకే అప్పగించడంలో లోపముంది. పైథాన్ టెస్టు లైబ్రరీ యూనిట్‌టెస్ట్‌లో, టెస్టుకు ముందు నడిచే సెటప్ మధ్యలో ఎక్సెప్షన్ (ఎర్రర్) వస్తే, చివర శుభ్రం చేసే టేర్‌డౌన్ నడవనే నడవదు. అంతవరకు సృష్టించిన ఫైళ్లు అలాగే ఉండిపోతాయి. యాడ్‌క్లీనప్‌తో నమోదు చేసిన పనులు అప్పుడూ నడుస్తాయి గనుక ఆ చిక్కు తీరుతుంది. కాని మెమరీ చాలక కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగం) ప్రోగ్రామును ఉన్నపళంగా ఆపే సిగ్‌కిల్ సిగ్నల్ పంపితే, చివర తప్పక నడవవలసిన ఫైనల్లీ బ్లాకు గాని, యాడ్‌క్లీనప్ గాని ఏమీ చేయలేవు, ఆ సిగ్నల్‌ను ఏ ప్రోగ్రామూ పట్టుకోలేదు. గోలో 1.15 వెర్షన్ నుంచి ఉన్న టెంప్‌డిర్ అనే ఫంక్షన్ తాత్కాలిక డైరెక్టరీ ఇచ్చి, టెస్టు ముగియగానే డైరెక్టరీని తీసేస్తుంది. అయితే మూల అమరికలోని 10 నిమిషాల గడువు దాటితే ప్రోగ్రామంతా పానిక్‌తో (అర్ధాంతరంగా) ఆగిపోయి, ఆ డైరెక్టరీ మిగిలిపోతుంది. పోయే ప్రాణం చేతికి చీపురు ఇవ్వడం లాంటిదే ఇది. మునుపటి పరుగు మిగిల్చినదాన్ని తర్వాతి పరుగు మొదట్లోనే ఊడ్చాలి.

ఉంచడం ఎందుకో కూడా చెబుతాను. కోడ్ మార్పులను భద్రపరిచే గిట్ సొంత టెస్టులను చూడండి: ప్రతి టెస్టు స్క్రిప్టుకూ ఒక ట్రాష్ డైరెక్టరీ ఉంటుంది, నెగ్గితే అది పోతుంది, విఫలమైతే ఉంటుంది. వందసార్లకు ఒకసారి విఫలమయ్యే టెస్టును కావాలని మళ్లీ విఫలం చేయించడం మన చేతుల్లో ఉండదు గదా. ఎస్‌క్యూలైట్ డేటాబేస్ వాడే టెస్టులో వరుసల సంఖ్య కలవలేదని లాగ్ చెబుతుందే గాని, ఆ వరుసలు డేటాబేస్ ఫైలుకు చేరకుండా, మార్పులను ముందుగా రాసుకునే వాల్ ఫైలులోనే ఉండిపోయాయా, అసలు రాయబడలేదా అన్నది ఆ రెండు ఫైళ్లు చేతిలో ఉంటేనే తేలుతుంది.

గోప్యత ముఖ్యం

నిజమైన వినియోగదారుల రికార్డులను టెస్టుల్లో వాడే బృందాలున్నాయి (వాడకూడదు, అది వేరే సంగతి). 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం అవసరం తీరిన డేటాను తొలగించమంటోంది. టెస్టు కోసం తీసిన నకలు ఆ లెక్కలోకి రాదని నేనైతే అనుకోను.

సర్వరు కాపరి

పైథానీ గారూ, తర్వాతి పరుగు ఊడుస్తుందన్నారు. ఒకే సర్వరులో రెండు బిల్డులు ఏకకాలంలో నడుస్తుంటే, ఒకటి ఊడ్చేది రెండోదాని పనిలో ఉన్న డైరెక్టరీ కాదని హామీ ఏమిటి? అలాంటి వైఫల్యానికి కారణం వెతకడం కన్నా నిండిన డిస్కును ఖాళీ చేయడమే సుఖం.

పాత పైథానీ

పైథాన్ టెస్టులను నడిపే పైటెస్ట్ దీన్ని ఆలోచించింది. నడుస్తున్న పరుగు తన డైరెక్టరీలో ఒక లాక్ ఫైలు పెడుతుంది. అది ఉన్నంతవరకు, లేదా 3 రోజులు దాటి పాతబడేవరకు, ఇతర పరుగులు దాన్ని ముట్టవు. మామూలుగా చివరి 3 పరుగుల డైరెక్టరీలే నిలుస్తాయి. పైటెస్ట్ 7.3 నుంచి విఫలమైన టెస్టులవి మాత్రమే ఉంచమని రిటెన్షన్ పాలసీ అనే అమరికలో చెప్పవచ్చు. సిగ్‌కిల్‌తో పోయిన పరుగు లాక్ మాత్రం 3 రోజులూ అడ్డుపడుతుంది; ఆ మేరకు మీ అభ్యంతరం నిలుస్తుంది.

తుంగభద్ర

అలాగైతే పాలసీని ఫెయిల్డ్ అని, పరుగుల సంఖ్యను 1 అని పెట్టి, తాత్కాలిక ఫైళ్ల చోటును సూచించే టీఎంపీడిర్ వేరియబుల్‌ను వేరే పార్టిషన్‌కు (డిస్కులో విడిగా కేటాయించిన భాగానికి) మళ్లిస్తాము. పైథానూ, గో కూడా దాన్ని పాటిస్తాయి కనుక, ఆ పార్టిషన్ నిండినా సర్వరు ఆగదు.

సర్వరు కాపరి

పార్టిషన్‌కు అభ్యంతరం లేదు, ఐనోడ్లను దండిగా కేటాయించి ఫార్మాట్ చేయించండి. గో వదిలే డైరెక్టరీలకు అలాంటి ఏర్పాటు లేదు కనుక, ఒకరోజు దాటినవాటిని తీసేసే క్రాన్ జాబ్ (నిర్ణీత వేళకు దానంతట అదే నడిచే పని) పెట్టండి. మిగిలిన ఫైలును వైఫల్యంగా లెక్కించే నియమాన్ని మాత్రం పూర్తిగా వదలకండి. అది నెగ్గిన టెస్టులకు వర్తించాలి.