మందు కొట్టిన పత్తి కట్టెను పొయ్యిలో పెడితే పొగలో ఏముంటుంది?

ప్రశ్న (రాజాం దగ్గరి పల్లె నుంచి):
పత్తి ఏరడం అయ్యాక పీకిన కట్టెను మోపులు కట్టి పెరటి గోడకు చేరవేసుకుంటాం. ఏడాది పొడవునా మా అత్తగారు దానితోనే వంట చేస్తారు. ఈసారి పురుగు ఉధృతి ఎక్కువై ప్రొఫెనోఫాస్ మూడు దఫాలు కొట్టించాం. పొయ్యి రాజేసినప్పుడల్లా ఆమెకు దగ్గు వస్తోంది, కళ్ళు మండి నీరు కారుతున్నాయి. ఆ మందు పొగలోకి వస్తుందా, లేక ఏ కట్టె పొగైనా ఇంతేనా? తెలిసినవారు వివరంగా చెప్పగలరు.

సమాధానం (నరసన్నపేట, రసాయనశాస్త్రం బోధిస్తాను):
అమ్మా, మందు తగలని కట్టె పొగలో కూడా కార్బన్ మోనాక్సైడ్, సన్నని ధూళి కణాలు, బెంజోపైరీన్ వంటి క్యాన్సర్ కారకాలు ఉంటాయి. మీ అత్తగారి దగ్గుకు అవే చాలు. మందు అవశేషం వాటికి తోడవుతుంది. ప్రొఫెనోఫాస్ ఎండకు, వానకు కొన్ని వారాల్లో చాలావరకు విరిగిపోతుంది కనుక, చివరి పిచికారీ జరిగి ఎన్నాళ్ళయిందన్నది ముఖ్యం. మిగిలినది భగ్గున మండే మంటలో విడిపోతుంది. నివురులా రాజుకుంటూ పొగే ఎక్కువగా వచ్చే పొయ్యిలో మాత్రం కొంత విరగకుండానే ఆవిరై పొగతో కలుస్తుంది.

ఆ మందు అణువులో ఒక క్లోరిన్, ఒక బ్రోమిన్ ఉన్నాయి. క్లోరిన్ ఉన్నది సరిగా కాలక, ఆ పొగ 200 నుంచి 450 డిగ్రీల వేడి దగ్గర ఉన్నప్పుడు డయాక్సిన్లు అనే అతి విషపూరిత పదార్థాలు ఏర్పడతాయి, రాగి ఆ చర్యకు ఊతమిస్తుంది. తెగుళ్ళకు కొట్టే కాపర్ ఆక్సీక్లోరైడ్‌లో రాగి, క్లోరిన్ రెండూ ఉన్నాయి. ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం లెక్కల ప్రకారం, మందుల ప్రభావం లేని పంట వ్యర్థాలను పొలంలో కాలిస్తే టన్నుకు 0.5 మైక్రోగ్రాముల డయాక్సిన్లు గాలిలో కలుస్తాయి. మందుల ప్రభావం ఉండి, సరిగా మండకపోతే 30 మైక్రోగ్రాములు, అంటే 60 రెట్లు. ఇవి పొలంలో పెట్టే మంటల లెక్కలే గాని వంటింటి పొయ్యివి కావు.

సమాధానం (సోంపేట రైతు):
మాస్టారు చెప్పినదానికి ఒకటి చేర్చాలి. క్లోరిన్ మందుల నుంచే రాదు. మనం వేసే మ్యూరేట్ ఆఫ్ పొటాష్ ఎరువు బరువులో దాదాపు సగం క్లోరినే. సముద్రపు ఒడ్డు చౌడు నేలల గడ్డిలో ఉప్పు ఎలాగూ ఉంటుంది. మా వైపు గడ్డిని తడిగా ఉండగానే తగలబెడతారు, ఆ పొగ రాత్రంతా ఊరి మీదే నిలిచిపోతుంది. అమ్మా, పత్తి మోళ్ళను నిల్వ ఉంచితే గులాబీ రంగు పురుగు కూడా వాటిలోనే దాక్కుంటుంది. ముక్కలు చేయించి రోటావేటర్‌తో నేలలో కలపండి. పొయ్యిలోకి సరుగుడు కట్టెను బాగా ఎండబెట్టి వాడండి. అన్నిటికన్నా ముందు, ఖాళీ మందు సీసాలు మంటలో పడకుండా చూసుకోండి.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. ఈ ఉదయం మోపులు విప్పి చూశాను. మూడో మోపులో, కట్టెల మధ్య ఇరుక్కుని, అడుగున పసుపు రంగు మందు ఎండి అంటుకున్న సీసా ఒకటి దొరికింది. ఆ మోపు మొత్తం పక్కన పెట్టేశాను.