అమ్మానాన్నల బీపీ, షుగరుకు డాక్టరును ఎలా ఎంచుకోవాలి?

ప్రశ్న (రాజోలు నుంచి):
అమ్మకు షుగరు, నాన్నకు బీపీ ఉన్నాయి. ఇన్నాళ్లూ ఊళ్లోని ఆర్‌ఎంపీ గారే చూస్తున్నారు. అర్ధరాత్రి పిలిచినా వస్తారు, ఆయన హస్తవాసి మీద అమ్మకు గట్టి గురి. ఇకమీదట ఎంబీబీఎస్ చదివినవారికి క్రమంగా చూపించాలనుకుంటున్నాను. పీహెచ్‌సీకి తీసుకెళ్లాలా, అమలాపురం వెళ్లాలా? మంచి డాక్టరని దేన్నిబట్టి గుర్తించాలో దయచేసి తెలియజేయగలరు.

జవాబు 1 (పాలకొల్లు నుంచి):
మన వైపు సెలైన్ ఎక్కిస్తేనో, సూది వేస్తేనో వైద్యం జరిగినట్టు భావిస్తారు. బయట జనం కిక్కిరిసి ఉంటే అదే యోగ్యతాపత్రం. దీర్ఘకాలపు జబ్బుల విషయంలో ఈ రెండింటినీ నమ్మవద్దని నా మనవి. మా మేనత్తను చూసిన డాక్టరమ్మ మొదట వాడుతున్న మందులన్నీ సంచితో సహా తెమ్మన్నారు. షీట్లను బల్ల మీద పరిచి చూస్తే, పేర్లు వేరైనా రెండు షీట్లలోనూ ఉన్నది షుగరును తగ్గించే గ్లిమిపిరైడ్ మందే. ఒకే మందు రెండింతలు పడి షుగరు మరీ తగ్గిపోవడమే అత్తయ్యకు సాయంత్రం పూట చెమటలు పట్టి కళ్లు తిరగడానికి కారణమని అప్పుడు తెలిసింది. తరువాత చెప్పులు విప్పించి, అరికాళ్లనూ వేళ్ల సందులనూ పరిశీలించి, స్పర్శ తగ్గుతున్నది కనుక కొబ్బరితోటలో వట్టి కాళ్లతో తిరగవద్దని నచ్చజెప్పారు. సూది వేయలేదని అలిగి వచ్చిన అత్తయ్య ఇప్పుడు మరొకరి దగ్గరకు రానంటుంది. అడిగి, చూసి, విడమరచి చెప్పే ఓపిక ఉందా లేదా అన్నదే నేను చూస్తాను.

జవాబు 2 (కాకినాడ నుంచి, నర్సును):
డాక్టరు తన రిజిస్ట్రేషన్ నంబరును క్లినిక్‌లోనూ, మందుల చీటీ మీదా కనబరచాలని 2002 నాటి వైద్య నైతిక నియమావళి చెబుతోంది. ముందు అది చూడండి. మూడు నెలల సగటు చక్కెరను తెలిపే హెచ్‌బీఏ1సీ పరీక్ష పాత ఫలితాలను అడిగి, కొత్తవాటితో పోల్చి చూస్తున్నారా అన్నది గమనించండి. తన పరిధి దాటినప్పుడు పెద్దాసుపత్రికి వెంటనే పంపేవారిని చేతకానివారనుకోవడం చాలా అన్యాయం.

జవాబు 3 (ముమ్మిడివరం నుంచి):
పై మాటలతో ఏకీభవిస్తూనే, దూరాన్ని కూడా లెక్కలోకి తీసుకోమంటాను. ఎంత గొప్ప డాక్టరైనా నెలనెలా వెళ్లలేకపోతే ప్రయోజనం ఉండదు. పీహెచ్‌సీలో బీపీ, షుగరు మాత్రలు ఉచితంగా ఇస్తారు. అక్కడి డాక్టరు శ్రద్ధగలవారైతే అమలాపురం దాకా వెళ్లనక్కరలేదు. ఆర్‌ఎంపీ గారిని నొప్పించకండి. బీపీ చూసి పుస్తకంలో రాసిపెట్టమని, మాత్రలు మాత్రం మార్చవద్దని మర్యాదగా చెప్పండి. 2022 జూలై వరదలో ధవళేశ్వరం వద్ద ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు లంకవాసులకు పడవలే దిక్కయ్యాయి. మీది ఏటిగట్టు దగ్గరి ఊరైతే, వరదల కాలానికి ముందే అదనంగా ఒక నెల మాత్రలు రాసి ఇవ్వగలరా అని డాక్టరును అడగండి.