ఇంటి గొడవ ఆఫీసు గేటు దాకా వచ్చింది, ఏం చేయాలి?

ప్రశ్న: మా టీంలో ఒకమ్మాయి ఉంది. నెల రోజులుగా వాళ్లాయన రిసెప్షన్‌కు పదే పదే ఫోన్ చేసి "వచ్చిందా, ఎవరితో ఉంది" అని అడుగుతున్నాడు. మొన్న గేటు బయట గంటసేపు నిలబడ్డాడు. ఆమె మెట్ల మీదే ఆగిపోయింది, బ్యాగు పట్టుకున్న చెయ్యి వణుకుతోంది. మేనేజరుగా అతన్ని పిలిచి మాట్లాడనా?

జవాబు: వద్దండీ, ఆ పని మాత్రం చేయకండి. మీతో చెప్పుకుందని తెలిస్తే ఆ కోపమంతా రాత్రికి ఆమె మీదే చూపిస్తాడు. ముందు ఆమెనే విడిగా అడగండి, ఏం చేస్తే ధైర్యంగా ఉంటుందని. "ఇన్నాళ్లూ ఎందుకు భరించావు" అనకండి. విడిపోదామనుకునే రోజుల్లోనే ప్రమాదం ఎక్కువ, అది ఆమెకు మనకంటే బాగా తెలుసు.

రిసెప్షన్‌లో వాళ్లకు ఒకటే మాట: ఉందనీ చెప్పొద్దు, లేదనీ చెప్పొద్దు. "ఇప్పుడే బయల్దేరిందండీ" అని మర్యాదకు అన్నా చాలు, దారిలో కాపు కాస్తాడు. వచ్చిన ప్రతి ఫోన్‌నూ తేదీ, టైముతో రాసి పెట్టించండి. రేపు కోర్టులో రక్షణ కోరితే అదే సాక్ష్యం. ఆ ఉత్తర్వులో ఆఫీసు అడ్రసు కూడా చేర్చమని అడగొచ్చు.

ఇంకొకరు: నేను హెచ్‌ఆర్‌లో చేస్తాను. ఆమె ఫైలు ఒకసారి తీయించండి. అత్యవసరమైతే ఎవరికి చెప్పాలి అన్నచోట భర్త నంబరే ఉంటుంది. మా దగ్గర ఒకావిడ కళ్లు తిరిగి పడిపోతే, ఎవరి నుంచి దాక్కుంటోందో ఆయన్నే మేం పిలిపించాం. ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

ప్రశ్న అడిగినవారు: సెలవులు అయిపోయాయి, పనిలో తప్పులు వస్తున్నాయి. పైవాళ్లు మెమో ఇవ్వమంటున్నారు.

హెచ్‌ఆర్ ఆవిడ: అదొక్కటి ఆపండి. జీతం పోతే ఆమె ఆ ఇంట్లోంచి కదలలేదు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2019లో తెచ్చిన 190వ ఒప్పందం, గృహ హింస ప్రభావం పని మీద పడుతుందని ఒప్పుకుంది. దానితో వచ్చిన 206వ సిఫార్సులో సెలవు, పని వేళల్లో వెసులుబాటు, ఉద్యోగం పోకుండా రక్షణ ఉన్నాయి. న్యూజిలాండ్‌లో 2019 ఏప్రిల్ నుంచి ఏడాదికి 10 రోజులు జీతంతో సెలవు. పైవాళ్ల ముందు ఇవి పెట్టండి.

ప్రశ్న అడిగినవారు: ఇవాళ మాట్లాడాను. ఫైల్లో ఆయన నంబరే ఉంది, కొట్టేసి చెల్లెలి నంబరు రాసింది. గేటు దగ్గర ఆయన ఫోటో ఇద్దామంటే మాత్రం "ఇప్పుడే వద్దు మేడమ్" అంది. సరేనన్నాను.