పైరేట్ రేడియో నడిపిన లండన్ కుర్రాళ్లు: తిరుగుబాటా, తుంటరితనమా?

పాత_ట్రాన్సిస్టర్:
1994లో తూర్పు లండన్‌లో కొందరు టీనేజీ కుర్రాళ్లు రిన్స్ ఎఫ్ఎం అనే దొంగ స్టేషన్ పెట్టారు. 2010లో దానికే లైసెన్సు వచ్చింది. మరి ఆ పదహారేళ్లూ చేసింది నేరమేనా?

హామ్_బాబాయ్:
నేరమే. పరీక్ష రాసి, హామ్ (సరదాకి రేడియోలో మాట్లాడుకునేవాళ్ల) లైసెన్సు కోసం 14 నెలలు కళ్లు కాయలు కాచేలా ఎదురుచూసినవాణ్ణి నేను. వీళ్లేమో మేడెక్కి యాంటెన్నా కట్టేసి మాట్లాడేయడమేనా? పైలట్ చెవిలో వీళ్ల డప్పు మోగితే ఎవడిది బాధ్యత?

గోంగూర_ఎఫ్ఎం:
బాబాయ్, విమానం కాసేపు ఆపండి. ఆ అపార్ట్‌మెంట్ల పిల్లల గొంతు పెద్ద స్టేషన్లలో ఎక్కడుంది? స్టూడియో ఒకచోట, ట్రాన్స్‌మిటర్ ఇంకో మేడ మీద. అధికారులు డబ్బా పట్టుకుపోతే మళ్లీ ఇంకోటి పెట్టేవాళ్లు. వినేవాళ్లు మిస్డ్ కాల్ ఇస్తే పాట వెనక్కి తిప్పి మళ్లీ వేసేవాళ్లు. పైరేట్ రేడియోల్లో పాడుతూ ఎదిగిన ర్యాపర్ డిజీ రాస్కల్‌కి 2003లో, 18 ఏళ్లకే, బ్రిటన్ సంగీత అవార్డు మెర్క్యురీ ప్రైజ్ వచ్చింది.

హామ్_బాబాయ్:
ఒకడికి ప్రైజ్ వస్తే అందరి దొంగతనమూ మాఫీనా?

చాయ్_బిస్కట్:
స్లిమ్‌జీ అనే రిన్స్ డీజేకి 2005లో కోర్టు ఆంక్ష పెట్టింది. తూర్పు లండన్‌లోని టవర్ హామ్లెట్స్ ప్రాంతంలో అనుమతి లేకుండా ఏ బిల్డింగులోనూ నాలుగో అంతస్తు దాటి ఎక్కకూడదట. అయిదో అంతస్తులో మేనత్త ఉంటే?

హామ్_బాబాయ్:
నవ్వులాటగా ఉందా? ఫ్రీక్వెన్సీ ఎవడబ్బ సొత్తూ కాదు.

గోంగూర_ఎఫ్ఎం:
నాకు నవ్వులాట కాదు. ఇంటర్ హాస్టల్లో సబ్బుపెట్టెలో ట్రాన్స్‌మిటర్ చేశాను. రీఫిల్‌కి తీగ చుట్టి కాయిల్, ఒక 9 వోల్టుల బ్యాటరీ. రెండు అంతస్తులు దాటేది కాదు. రాత్రి స్టడీ అవర్ అయ్యాక, దుప్పట్లో రేడియో దాచుకున్న పదిమంది వినేవాళ్లు. వార్డెన్ పట్టుకుని నాన్నని పిలిపించాడు. అందరి ముందూ నాన్న దాన్ని కాలితో తొక్కాడు.

హామ్_బాబాయ్:
సరిగ్గా చేశారు. సాంబారు మీద జోకులేయడానికి ట్రాన్స్‌మిటర్ కావాలా?

గోంగూర_ఎఫ్ఎం:
జోకులని మీకెవరు చెప్పారు? ఆ వారం ఒకడు చీటీ రాసిచ్చాడు. "ఇంటికి తీసుకెళ్లమని మా నాన్నకి ఎవరైనా చెప్పండి" అని. అది చదివాను. డబ్బా ఎలా చేశావని అందరూ నిలదీశారు. అందులో ఏం మాట్లాడావురా అని ఒక్కరూ అడగలేదు. ఇక్కడ మీరూ అంతే. పొద్దుట్నుంచీ లైసెన్సు, లైసెన్సు.

హామ్_బాబాయ్:
మా వాడూ హాస్టల్లోనే చదివాడు. నీలా ఏడవలేదు.

గోంగూర_ఎఫ్ఎం:
ఏడవలేదని వాడు చెప్పాడా, మీరనుకున్నారా?

హామ్_బాబాయ్:
ఇంటి విషయాలు తేకు. టాపిక్ ఫ్రీక్వెన్సీ గురించి.

పాత_ట్రాన్సిస్టర్:
టాపిక్ పెట్టింది నేను బాబాయ్. ఫ్రీక్వెన్సీ అనలేదే.

చాయ్_బిస్కట్:
మేనత్త సంగతి ఎవరూ చెప్పరేం?