అప్‌డేట్: అల్లం సోడా సీసాల్లోకి పట్టేటప్పుడు సైఫన్ ఆగిపోయే సమస్య తీరింది

విజయనగరం నుంచి మొన్న అడిగాను: పులియబెట్టిన అల్లం సోడాని క్యాన్ నుంచి సన్న పైపుతో సైఫన్ పద్ధతిలో (పై పాత్రలోంచి ద్రవం పైపు వంపు దాటి తనంతట కిందికి కారేలా) సీసాల్లోకి దించుతుంటే, సగమయ్యేసరికి ధార సన్నబడి ఆగిపోతోందని. సలహా ఇచ్చిన అందరికీ చాలా థాంక్స్.

అసలు సంగతి గ్యాస్. క్యాన్ అంచు మీద పైపు వంపు తిరిగే చోట ఒత్తిడి తక్కువ, కరిగి ఉన్న గ్యాస్ అక్కడే బయటపడుతుంది. మేస్త్రీలు మట్టం చూసుకునే పారదర్శకమైన లెవెల్ పైపు వేశాక కళ్లారా చూశాను: ఆవగింజంత బుడగలు వంపు దగ్గర ఒకదానికొకటి అతుక్కుని పెద్ద గాలి తిత్తి అయిపోతున్నాయి. క్యాన్‌లో మట్టం తగ్గేకొద్దీ వంపు ఇంకా ఎత్తు అవుతుంది, ధార వేగమూ తగ్గుతుంది, ఇక బుడగల్ని తోసుకుపోయే బలం ఉండదు.

బాగా పనిచేసింది చల్లదనం. రాత్రంతా క్యాన్‌ని ఫ్రిజ్‌లో ఉంచితే గ్యాస్ ద్రవంలోనే నిలిచింది, మడ్డి కూడా అడుగున గట్టిగా పేరుకుంది. మన ఎండల్లో ఇది తప్పనిసరి అనే అంటాను. ధార వేగం తగ్గకుండా క్యాన్‌ని వంటగట్టు మీద, సీసాల్ని నేల మీద పెట్టాను. పైపు జాయింట్‌కి క్లిప్పు బిగించాను, అక్కడా గాలి పీల్చుకుంటోంది మరి.

నోటితో పీల్చడం మానేసి, కాచి చల్లార్చిన నీళ్లు పైపులో నింపి మొదలుపెడుతున్నాను. పైపు చివర సీసా అడుగు దాకా దించితే నురగ రాదు.

ఒక్కటి మిగిలింది: మడ్డి పైన రెండంగుళాల సోడా వదిలేయాల్సి వస్తోంది. దాన్ని వాడుకునే దారి ఎవరికైనా తెలిస్తే చెప్పండి.