మామయ్య కారు మ్యాగజైన్లు 412 ఉన్నాయి, ఎంతకి అమ్మొచ్చు? (విజయవాడ)

పటమట మేనల్లుడు
అందరికీ నమస్తే. మా మామయ్య మార్చిలో పోయారు. ఆటోనగర్‌లో బస్సు బాడీలు కట్టే షెడ్డులో లెక్కలు రాసేవారు. సొంత కారు ఎప్పుడూ కొనలేదు కానీ కార్ల మ్యాగజైన్లు మాత్రం 1998 నుంచి ఆపకుండా కొన్నారు. ఇప్పుడు అత్తయ్య ఇల్లు ఖాళీ చేసి హైదరాబాద్‌లో కూతురి దగ్గరికి వెళ్తోంది. అటక మీద నుంచి దింపితే పదకొండు అట్టపెట్టెలు, ఒక ట్రంకు పెట్టె. ఎక్కువ ఓవర్‌డ్రైవ్, ఆటోకార్ ఇండియా, అక్కడక్కడా వేరేవి, ట్రంకు నిండా షోరూముల్లో ఇచ్చే బ్రోచర్లు. పాత పేపర్లవాడు చూసి మొత్తం కాటాకి వేస్తానన్నాడు, కిలో 9 రూపాయలట. నున్నటి కాగితం కాబట్టి న్యూస్‌పేపర్ రేటు కూడా రాదన్నాడు. నూట అరవై కిలోలు అనుకున్నా 1,450 దాటదు. అదే నెట్‌లో ఒకాయన ఒక్క సంచికకి 1,500 అని పెట్టాడు. ఏది నమ్మాలి? అత్తయ్య "ఎంతొస్తుందిరా" అని రోజూ అడుగుతోంది, ఆశ పెట్టి తర్వాత లేదనడం నాకిష్టం లేదు.

లెనిన్ సెంటర్ పాత బండి
తమ్ముడూ, ముందు ఆ పాత పేపర్లవాణ్ణి గుమ్మం బయటే ఆపు. నేను ఆరేళ్లు పాత పుస్తకాలు అమ్మాను కాబట్టి చెప్తున్నా. నెట్‌లో ఆ 1,500 అడిగే ధర, పలికిన ధర కాదు. ఆ ప్రకటన ఎన్ని నెలలుగా అక్కడే ఉందో చూడు. కొన్నవాళ్లు ఎంతిచ్చారో తెలిస్తేనే లెక్క. మా లాంటి వాళ్ల దగ్గరికొస్తే సంచికకి 10 నుంచి 15 ఇస్తాం, 40కో 50కో అమ్ముతాం. మోసం కాదు అది, సగం సరుకు ఏడాది దాకా కదలదు, వానొస్తే పట్టా కప్పుకుని కూర్చోవాలి. కాబట్టి నీ మొత్తానికి కింద గీత 412 ఇంటూ 12, అంటే అయిదు వేలకి కొంచెం తక్కువ. మీ అత్తయ్యకి ఇవాళ ఆ మాట ధైర్యంగా చెప్పొచ్చు. దానిపైన వచ్చేదంతా నీ ఓపిక మీద ఉంటుంది.

ఏపీ07 పాలియో
గుంటూరు బ్రోడీపేట నుంచి రాస్తున్నాను. నేను కొనేవాళ్లలో ఒకణ్ణి, అందుకని అటువైపు నుంచి చెప్తాను.

నా దగ్గర 2002 మోడల్ ఫియట్ పాలియో 1.6 ఉంది. 2001 సెప్టెంబరులో ఆ కారు మార్కెట్‌లోకి వచ్చింది, ఆ రోజుల్లో ఆ ధరకి 100 హార్స్‌పవర్ అంటే మామూలు మాట కాదు. దాన్ని కంపెనీ నుంచి వచ్చినప్పుడు ఎలా ఉందో అలా చేయించాలని మూడేళ్లుగా తిరుగుతున్నాను. సీటు గుడ్డ చిరిగిపోయింది, పాత ఓనరు డాష్‌బోర్డు మీద ఏదో రంగు వేయించాడు. అసలు గుడ్డ ఏ రంగు, వీల్ క్యాప్ ఏ డిజైను, స్టిక్కరు డోరు మీద ఎంత ఎత్తులో ఉండాలి, ఇవన్నీ నాకెవరు చెప్తారు? ఇప్పుడు నెట్‌లో దొరికే ఫోటోల్లో సగం మార్పులు చేసిన కార్లే. కొత్తలో పత్రికవాళ్లు బండి నడిపి చూసి రాసే రోడ్ టెస్ట్‌లో ఫోటో ఒక్కటే నమ్మకం. ఆ సంవత్సరం చివర వచ్చిన ఒక సంచిక కోసం నేను 600 ఇచ్చాను, ఇంకో వంద అడిగినా ఇచ్చేవాణ్ణి. అదే పత్రిక ముందు నెల సంచిక పక్కనే 30కి ఉంటే ముట్టుకోలేదు.

అంటే మీరు కుప్పకి ధర కట్టకండి, ఏ సంచిక లోపల ఏ కారు ఉందో దానికి కట్టండి. కవర్ మీద విదేశీ స్పోర్ట్స్ కారు ఉందని ఎవరూ ఎగబడరు. లోపల జెన్, ఇకాన్, మాటిజ్, మొదటి ఇండికా, మొదటి శాంత్రో, మొదటి స్కార్పియో లాంటి వాటి పూర్తి టెస్ట్ ఉంటే, ఆ బండిని ఇంకా ప్రాణంలా చూసుకునేవాళ్లు ఎక్కడో ఉంటారు. ఓనర్ల వాట్సాప్ గ్రూపుల్లో పెట్టండి, ఓఎల్‌ఎక్స్‌లో కాదు.

సింగ్‌నగర్ సీను
బాక్సులు ఇంకా నేల మీదే ఉంటే దయచేసి ఇవాళే మంచం మీదకో బల్ల మీదకో ఎక్కించండి. 2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్లు మా ఇంట్లో నడుం దాకా వచ్చాయి. నా మ్యాగజైన్లు కింది రెండు అరల్లో ఉన్నాయి. ఈ నున్నటి కాగితానికి పైన సున్నపు మన్ను లాంటి పూత ఉంటుంది, తడిసి ఆరితే పేజీలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. నాలుగో రోజు చూస్తే ఒక్కో సంచిక ఇటుక లాగా అయింది. విడదీయబోతే ఒక పేజీ బొమ్మ ఇంకో పేజీ మీదకి ఊడి వచ్చింది. ఒక్కటి కూడా దక్కలేదు. తడి ఆరకముందే పేజీకి పేజీకి మధ్య మామూలు తెల్లకాగితం పెట్టి ఫ్యాను కింద ఉంచితే కొన్నయినా మిగిలేవని తర్వాత తెలిసింది, కానీ అప్పుడు మాకు తాగే నీళ్లే లేవు.

తేమకి పిన్నులు తుప్పు పట్టాయేమో కూడా చూడండి. తుప్పు మరక మధ్య పోస్టరు దాకా పాకితే ధర సగం పోతుంది.

లెనిన్ సెంటర్ పాత బండి
సీను చెప్పింది నిజం. ఇంకోటి, బైండింగ్ చేయించినవి ఉన్నాయా? మన దగ్గర బైండర్లు మూడు వైపులా అంచు కోసేస్తారు. చదువుకోవడానికి బాగుంటుంది, దాచుకునేవాళ్లు మాత్రం తీసుకోరు.

పటమట మేనల్లుడు
మూడు సంవత్సరాలవి బైండింగ్ చేసి ఉన్నాయి, అంచులు కోసే ఉన్నాయి. బాక్సులన్నీ మంచాల మీద పెట్టాను. నిన్న రాత్రి రెండింటి దాకా ఒక్కొక్కటీ తెరిచి నోటుబుక్కులో రాశాను: నెల, సంవత్సరం, లోపల టెస్ట్ చేసిన కార్లు, పోస్టరు ఉందా లేదా, పేజీలు పోయాయా. కలరా ఉండల వాసనకి తల తిరిగింది కానీ పురుగు ఒక్కటీ పట్టలేదు.

ఒక సంగతి అడగాలి. చాలా వాటిల్లో మామయ్య పెన్సిల్‌తో రాసిపెట్టారు. 2001లో ఒక సంచికలో చిన్న కారు రోడ్ టెస్ట్ ఉంది, ఆ పేజీ పక్కన విజయవాడ ఆన్ రోడ్ ధర, కింద బ్యాంకు వాయిదా అరవై నెలలకి లెక్క, దాని కింద "అమ్మాయి ఫీజు" అని రాసి గీత కొట్టేశారు. తర్వాతి నెల సంచికలో మళ్లీ అదే లెక్క, మళ్లీ గీత. అత్తయ్యకి చూపిస్తే చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఇలాంటివి చెరిపేసి అమ్మాలా?

ఏపీ07 పాలియో
చెరపకండి. రబ్బరు రుద్దితే పూత పోయి మచ్చ పడుతుంది, అది రాత కంటే అసహ్యంగా ఉంటుంది. రాతలున్నాయని ముందే చెప్పి ఫోటో పెట్టండి. నా వరకు అవి ధర తగ్గించవు. కానీ ఆ ఫీజు సంచిక మీరు అమ్మొద్దు.

బ్రోచర్ల గురించి ఎవరూ చెప్పలేదు, అవి విడిగా పెట్టండి. మ్యాగజైన్ వేలల్లో అచ్చయింది, ఇళ్లలో ఇంకా ఉంది. బ్రోచర్ షోరూము నుంచి తెచ్చుకుని అందరూ పారేశారు. కాంటెస్సా, సియెర్రా, ఎస్టేట్, పాత అంబాసిడర్‌వి ఉంటే మడత పడకుండా ప్లాస్టిక్ కవర్లలో పెట్టండి. ఓనర్ హ్యాండ్‌బుక్కులున్నా అంతే.

కానూరు 2008
నా దగ్గర 2008 జనవరి ఆటో ఎక్స్‌పోలో నానో చూపించినప్పటి సంచికలు నాలుగున్నాయి, చరిత్ర కదా బాగా వస్తుందనుకుని మూడేళ్లు ప్రయత్నించాను. ఒక్కొక్కటీ 50కి మించి ఎవరూ అడగలేదు. చరిత్ర అని అప్పుడే అందరికీ తెలుసు కాబట్టి అందరూ దాచారు. మొదటి సంచికలు వేరే సంగతి, ఓవర్‌డ్రైవ్ 1998 సెప్టెంబరు, ఆటోకార్ ఇండియా 1999 సెప్టెంబరు. అవి రెండూ ఉంటే తొందరపడి ఇవ్వకండి.

లెనిన్ సెంటర్ పాత బండి
పంపడానికయ్యే ఖర్చు కూడా ధరలో కలుపుకో. పన్నెండు సంచికలంటే అయిదు కిలోల దాకా తూగుతాయి. ఊరు దాటితే నెహ్రూ బస్టాండులో ఆర్టీసీ కార్గో చవక. ఒక కొరియర్‌లో నేను పంపిన ఏడాది సెట్టు నాలుగు మూలలూ నలిగి తిరిగొచ్చింది. అప్పటి నుంచి రెండు వైపులా గట్టి అట్ట పెట్టి పురికొసతో బిగించాకే ఇస్తున్నాను.

పటమట మేనల్లుడు
నాలుగు నెలలైంది, మీ అందరికీ చెప్పాలి కదా. బ్రోచర్లు 23కి 5,900 వచ్చాయి, అందులో సియెర్రా ఒక్కదానికే 1,400. ఓనర్ల గ్రూపుల్లో విడిగా 31 సంచికలు పోయాయి, 7,750. 1999 నుంచి 2003 దాకా అయిదేళ్ల సెట్లు, మొత్తం 60, హైదరాబాద్ ఆయన ఒకరు 4,500కి తీసుకున్నారు. మిగతా 265 పాత పుస్తకాల షాపులో 12 చొప్పున 3,180. మరకలు పడ్డవి, పేజీలు పోయినవి 19 కాటాకి వేశాం. అంతా కలిపి 21,400 దాకా వచ్చింది. మొదటి రోజు అత్తయ్యకి అయిదు వేలనే చెప్పాను కాబట్టి ఆవిడ రెండుసార్లు లెక్కపెట్టుకుంది. బైండింగ్ చేసినవి మూడూ మామయ్య పనిచేసిన షెడ్డు పక్క మెకానిక్ కుర్రాడు అడిగితే ఇచ్చేశాం, డబ్బు తీసుకోలేదు.

ఫీజు రాసిన 2001 సంచిక అత్తయ్య బట్టల సూట్‌కేసులో పెట్టుకుంది. పాలియో అన్నా, మీరు నన్ను విడిగా అడిగిన రెండు సంచికలూ ఆదివారం గుంటూరు వస్తూ నేనే తెస్తాను, బ్రోడీపేటలో ఎక్కడికి రావాలో చెప్పండి.

ఏపీ07 పాలియో
నాలుగో లైనుకి రా తమ్ముడూ, కారు బయటే ఉంటుంది. భోజనం మా ఇంట్లోనే.